మా ఊరి జనాభా ఎంత? పల్లె లెక్కలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఊరి పేరు కొట్టి వెతికితే ఇంటర్నెట్‌లో ఒక పట్టిక కనిపిస్తుంది. ఇన్ని ఇళ్లు, ఇంతమంది మగవాళ్లు, ఇంతమంది ఆడవాళ్లు, ఇంత అక్షరాస్యత అని ఉంటుంది. చాలామంది దాన్ని చూసి "ఇది మా ఊరి లెక్కలా లేదే" అంటారు. పట్టిక తప్పు కాకపోవచ్చు. కానీ అది ఏ హద్దుల్లో ఉన్న ఊరిని, ఏ రోజున, ఎవరెవరిని లెక్కపెట్టిందో తెలియకుండా చదివితే అది నిజంగానే మన ఊరు కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

మా ఊళ్లో చివరిసారి అధికారికంగా జనాభా లెక్కలు తీసింది ఎప్పుడు?

2011లో. 2010లో ముందుగా ఇళ్ల జాబితా రాశారు. మనుషుల లెక్క 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు సాగింది. మార్చి 1 నుంచి 5 వరకు ఎన్యూమరేటర్లు (లెక్క రాసే సిబ్బంది) మళ్లీ ఇంటింటికీ తిరిగి, ఆ మధ్యలో పుట్టినవాళ్లను చేర్చి, చనిపోయినవాళ్లను తీసేశారు. కాబట్టి మీ ఊరి అంకె 2011 మార్చి 1 నాటిది. 2021లో జరగాల్సిన లెక్కలు కోవిడ్ వల్ల వాయిదా పడ్డాయి. 2020 ఏప్రిల్‌లో ఇళ్ల జాబితా పని మొదలవ్వాల్సి ఉండగా మార్చిలోనే ఆపేశారు. ఆ రోజు లెక్కలో ఆరేళ్లున్న పిల్ల ఇవాళ ఓటరు. మీ పట్టిక అంత పాతది.

కొన్ని సైట్లలో "2024 జనాభా", "2025 జనాభా" అని ఊరి అంకెలు ఇస్తున్నారు. అవి ఎక్కడివి?

అవి లెక్కపెట్టినవి కావు, అంచనాలు. 2011 అంకెకు ఏదో ఒక పెరుగుదల శాతం కలిపి రాస్తారు. రాష్ట్రానికో జిల్లాకో అయితే అలాంటి అంచనా కొంతవరకు నిలుస్తుంది, ఊరికి మాత్రం నిలవదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నే చూడండి. 2001 నుంచి 2011 వరకు రాష్ట్ర జనాభా సుమారు 11 శాతం పెరిగింది. అదే పదేళ్లలో పల్లెల్లో ఉండేవాళ్లు 5.54 కోట్ల నుంచి 5.64 కోట్లకు మాత్రమే పెరిగారు, అంటే రెండు శాతం కూడా లేదు. ఆ పెరిగినవాళ్లు కూడా అన్ని ఊళ్లలో సమానంగా లేరు. హైవే పక్క ఊరు నిండితే, లోపలి ఊరు ఖాళీ అయింది. ఈ రెంటికీ ఒకే శాతం వేస్తే రెండూ తప్పే. నా మటుకు నేను 2011 అంకెనే వాడి, పక్కన ఆ సంవత్సరం రాస్తాను.

పట్టికలో ఉన్నది మా పంచాయతీ లెక్కేనా?

చాలాసార్లు కాదు. ఎక్కువ గందరగోళం ఇక్కడే పుడుతుంది.

జనాభా లెక్కల్లో "గ్రామం" అంటే రెవెన్యూ గ్రామం, అంటే భూమి రికార్డుల్లో సర్వే నంబర్లతో హద్దులున్న ఊరు. మనం ఊరు అనేది వేరు. ఒక రెవెన్యూ గ్రామంలో అసలు ఊరు, రెండు శివారు పల్లెలు, ఒక తండా, రోడ్డు మీద వెలిసిన కొత్త కాలనీ అన్నీ ఉండొచ్చు. పట్టికలో అవన్నీ కలిసి ఒకే వరుసలో వస్తాయి. ఒక్కోచోట ఒకే పంచాయతీలో రెండు మూడు రెవెన్యూ గ్రామాలూ ఉంటాయి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత 500 జనాభా దాటిన తండాలు, గూడేలు వెయ్యికి పైగా కొత్త పంచాయతీలయ్యాయి. ఆ కొత్త పంచాయతీ పేరుతో 2011 పట్టికలో వెతికితే దొరకదు, దాని జనం పాత రెవెన్యూ గ్రామం పేరు కిందే ఉంటారు. తండావాళ్లు "మా లెక్క ఎక్కడా లేదు" అని బాధపడటానికి కారణం ఇదే.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. ఊరి పేరు ఉంటుంది, జనాభా సున్నా ఉంటుంది. పొలాలు, సర్వే నంబర్లు ఉన్నాయి గానీ కాపురాలు లేవు. రెవెన్యూవాళ్లు దాన్ని బేచిరాక్ గ్రామం అంటారు. పట్టికలో సున్నా కనిపిస్తే అది అచ్చు తప్పని అనుకోకండి.

ఇక పేర్ల సంగతి. కొత్తపల్లి, రామాపురం, వెంకటాపురం లాంటి పేర్లతో ఎన్ని ఊళ్లున్నాయో చెప్పడం కష్టం. అందుకే 2011లో ప్రతి గ్రామానికీ ఆరంకెల కోడ్ ఇచ్చారు, దేశం మొత్తంలో ఒక కోడ్ ఒక్క ఊరికే ఉంటుంది. పేరు కన్నా ఆ కోడ్ రాసి పెట్టుకోండి.

మా జిల్లా పేరుతో వెతికితే ఊరు రావడం లేదు. ఎందుకు?

2011 పట్టికలు అప్పటి 23 జిల్లాల ప్రకారం ఉన్నాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. కాబట్టి జగిత్యాల ఊరిని కరీంనగర్‌లో, బాపట్ల ఊరిని గుంటూరులోనో ప్రకాశంలోనో వెతకాలి. పోలవరం ముంపు మండలాల ఊళ్లు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా, 2011లో ఖమ్మం జిల్లా కిందే నమోదయ్యాయి. ఇంకా వెనక్కి, 1981 లెక్కలకు వెళ్తే మండలాలే ఉండవు. అవి 1985లో వచ్చాయి. అక్కడ తాలూకా పేరు తెలిసి ఉండాలి, అది ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటుంది.

వలస వెళ్లినవాళ్లు ఊరి లెక్కలోకి వస్తారా?

ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు తిరిగొచ్చారు అన్నదాన్ని బట్టి. లెక్కలు జరిగిన ఆ ఇరవై రోజుల్లో కొన్నాళ్లయినా ఇంట్లో ఉన్నవాళ్లను, లేదా ఫిబ్రవరి 28లోపు వచ్చేస్తారని ఇంట్లోవాళ్లు చెప్పినవాళ్లను ఊళ్లో రాస్తారు. ఆ కాలమంతా బయటే ఉంటే ఊళ్లో రాయరు, ఎక్కడ ఉంటే అక్కడ లెక్క. దేశం బయట ఉంటే అసలు లెక్కలోకే రారు.

ఇప్పుడు ఫిబ్రవరి నెలను గుర్తు చేసుకోండి. గుంటూరు వైపు మిర్చి కోతలు ముమ్మరంగా ఉండే కాలం. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇంటికి తాళం వేసి, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని కోతకు పోతాయి. పాలమూరు కూలీలు ఊళ్లు దాటి పనుల్లో ఉంటారు. ఎన్యూమరేటర్ వచ్చేసరికి తలుపుకు తాళం, అరుగు మీద ముసలమ్మ. ఆమె "ఉగాదికి వస్తారు" అంటే నిబంధన ప్రకారం వాళ్లు ఆ ఊరి జనాభాలో ఉండరు. మిర్చి చేలో గుడారం వేసుకున్నచోట ఎవరైనా వెళ్లి రాసుంటే గుంటూరు వైపు ఊరి లెక్కలో ఉంటారు. రాయకపోతే ఎక్కడా లేరు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టే లోటు ఇదే. పేదవాళ్లే లెక్క నుంచి జారిపోతున్నారు.

గల్ఫ్ ప్రభావం ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది. 2011లో నిజామాబాద్ జిల్లాలో ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు 1,040 మంది ఆడవాళ్లు నమోదయ్యారు. ఉమ్మడి రాష్ట్ర సగటు 993. దుబాయ్, మస్కట్, సౌదీ పోయిన మగవాళ్లు లెక్కలో లేకపోవడం దీనికి ఒక పెద్ద కారణం.

తెలంగాణలో 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వేతో దీన్ని పోల్చి చూడండి. అది ఒకే రోజు సర్వే. ఇంట్లో ఉన్నవాళ్లనే రాస్తారని, లేకపోతే పథకాలు పోతాయని మాట పాకడంతో ముంబై, భివండీ, సూరత్‌ల నుంచి జనం బస్సులు, రైళ్లు కిక్కిరిసి ఊళ్లకు వచ్చారు. ఫిబ్రవరి లెక్కలో ఖాళీగా కనిపించే ఊరు ఆ రోజు నిండిపోయింది. రెండు లెక్కలకూ పొంతన కుదరకపోతే ఏదో ఒకటి అబద్ధమని కాదు, రెండూ వేరువేరు రోజుల లెక్కలు.

హాస్టల్ పిల్లల్ని హాస్టల్ ఉన్న ఊళ్లోనే లెక్కిస్తారు. గురుకులం ఉన్న చిన్న ఊళ్లో జనాభా, అక్షరాస్యత ఎక్కువగా కనిపిస్తే ముందు అది చూడండి.

ఆడవాళ్ల సంఖ్య వెయ్యి దాటితే మంచిదే కదా?

పై జవాబు చదివాక ఆ మాట అనలేం. మగవాళ్లు వలస పోయినా ఆ నిష్పత్తి పెరుగుతుంది. ఆడపిల్లల పట్ల ఊరు ఎలా ఉందో తెలియాలంటే ఆరేళ్లలోపు (అంటే ఏడు నిండని) పిల్లల నిష్పత్తి చూడాలి, ఎందుకంటే ఆ పిల్లలు ఒంటరిగా వలస పోరు. అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో 961, 2011లో 939. మొత్తం నిష్పత్తి బాగానే కనిపిస్తున్నా కింద పునాది జారుతోందని ఈ అంకె చెబుతుంది. లింగ నిర్ధారణ పరీక్షలను నిషేధించే చట్టం 1994లోనే వచ్చిందన్నది గుర్తుంచుకుంటే ఆ 939 ఇంకా బరువుగా అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. ఊరు చిన్నదైతే ఈ నిష్పత్తి మీద తీర్పు చెప్పకండి. ఆరేళ్లలోపు పిల్లలు 60 మంది ఉన్న ఊళ్లో 33 మంది మగపిల్లలు, 27 మంది ఆడపిల్లలు ఉంటే నిష్పత్తి 818. చూడగానే భయం వేస్తుంది. ముగ్గురు అటుదిటైతే అదే ఊరు 1,000. మండలం అంకె చూసి మాట్లాడటం మేలు.

అక్షరాస్యత శాతం నేను లెక్కేస్తే వేరుగా వస్తోంది. ఎక్కడ పొరపాటు?

బహుశా మొత్తం జనాభాతో భాగించి ఉంటారు. అక్షరాస్యత ఏడేళ్లు, ఆపైన ఉన్నవాళ్లకే లెక్క. ఒక ఊళ్లో 2,400 మంది, అందులో ఆరేళ్లలోపు పిల్లలు 260, చదవడం రాయడం వచ్చినవాళ్లు 1,300 అనుకుందాం. 2,400తో భాగిస్తే 54.2 శాతం వస్తుంది. 260 తీసేసి 2,140తో భాగిస్తే 60.7 శాతం. రెండోదే సరైనది.

ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వస్తేనే అక్షరాస్యులు. బడికి పోయి ఉండాల్సిన పని లేదు, రాత్రి బడిలో నేర్చుకున్నా లెక్కే. సంతకం మాత్రమే వస్తే లెక్కలోకి రారు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 67.02 శాతం, దేశంలో 72.99. ఊరి శాతం చూసేటప్పుడు ఆడవాళ్ల అంకె విడిగా చూడండి. కలిపిన శాతం వెనక ఆ తేడా దాక్కుంటుంది.

"ప్రధాన పనివారు", "ఉపాంత పనివారు" అంటే?

ఏడాదిలో ఆరు నెలలు, అంతకన్నా ఎక్కువ పని దొరికినవాళ్లు ప్రధాన పనివారు. అంతకన్నా తక్కువ దొరికినవాళ్లు ఉపాంత పనివారు. ఊళ్లో ఈ రెండో వరుస పెద్దగా ఉంటే పని లేని నెలలు ఎక్కువని అర్థం, వలసలు కూడా అక్కడి నుంచే ఎక్కువ.

పనివాళ్లను మళ్లీ నాలుగుగా విడదీస్తారు: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమలవాళ్లు, ఇతరులు. కౌలు రైతు సాగుదారు కిందికే వస్తాడు, సొంత భూమి ఉండక్కర్లేదు. మగ్గం, కుమ్మరి సారె, ఇంట్లో చుట్టే బీడీలు ఇంటి పరిశ్రమ. టీచరు, డ్రైవరు, కిరాణా కొట్టు, మేస్త్రి అంతా ఇతరులు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారులు సుమారు 65 లక్షలు, వ్యవసాయ కూలీలు సుమారు కోటి 70 లక్షలు. అన్నదాతల రాష్ట్రం అంటాం గానీ, ఒక్కో సాగుదారుకు ఇద్దరి కన్నా ఎక్కువ మంది కూలీలు ఉన్నారు. మీ ఊళ్లో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి, భూమి ఎవరి చేతిలో ఉందో చాలావరకు అర్థమవుతుంది.

ఆడవాళ్ల పని మాత్రం పట్టికలో తక్కువగా పడుతుంది. ఇంటి పొలంలో జీతం లేకుండా చేసే పని కూడా నిబంధన ప్రకారం పనే. కానీ "ఏం చేస్తావమ్మా?" అని అడిగితే, పొద్దున నాట్లు వేసి వచ్చిన ఆమె తరఫున భర్తే "ఇంట్లోనే ఉంటది సార్" అని చెప్పేస్తాడు. ఎన్యూమరేటర్ ఇంకో ప్రశ్న వేయకపోతే ఆమె పని చేయనివాళ్ల లెక్కలో చేరిపోతుంది.

ఎస్సీ, ఎస్టీ లెక్క ఉంది. బీసీలు, మతం ఎందుకు లేవు?

స్వాతంత్ర్యం తర్వాత జరిగిన లెక్కల్లో ఎస్సీ, ఎస్టీలను తప్ప మిగతా కులాలను నమోదు చేయలేదు. అన్ని కులాల లెక్క చివరిసారి అచ్చయింది 1931లో. మతం నమోదు చేస్తారు గానీ ఊరి పట్టికలో ఇవ్వరు.

ఎస్సీ అంకె చదివేటప్పుడు ఒకటి తెలియాలి. హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవాళ్లనే ఎస్సీలుగా రాస్తారు. క్రైస్తవులమని చెప్పిన దళిత కుటుంబం ఆ వరుసలోకి రాదు. కాబట్టి ఊళ్లో ఎస్సీ వాడ పెద్దదైనా పట్టికలో అంకె చిన్నదిగా ఉండొచ్చు. ఎస్టీలకు మతం నిబంధన లేదు, కానీ జాబితా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. తెలంగాణ లంబాడీలు 1976 చట్టంతో ఎస్టీ జాబితాలో చేరారు. అందుకే తెలంగాణ ఊళ్లలో 1971తో పోలిస్తే 1981లో ఎస్టీల సంఖ్య ఒక్కసారిగా ఎగిసినట్టు కనిపిస్తుంది. జనం అంతగా పెరిగి కాదు, జాబితా మారి.

రాష్ట్రాలు సొంతంగా సర్వేలు చేశాయి. తెలంగాణ 2024 నవంబర్‌లో ఇంటింటి కుల సర్వే మొదలుపెట్టి 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర స్థాయి అంకెలు ప్రకటించింది. దాని ప్రకారం ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జనవరిలో గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందితో కుల గణన జరిగింది.

ఊళ్లో ముసలివాళ్లు ఎంతమందో తెలుసుకోవచ్చా?

ఊరి పట్టికలో ఆరేళ్లలోపు పిల్లలు తప్ప వేరే వయసుల లెక్క ఉండదు. ఇదొక పెద్ద కొరత, ఎందుకంటే ఇవాళ మన పల్లెల్లో అసలు మార్పు వయసుల్లోనే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలవాలంటే 2.1 ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఆరేళ్లలోపు పిల్లలు 2001లో వందకు 13 మందికి పైగా ఉంటే 2011లో 11 మందికి తగ్గారు. ఇద్దరు పిల్లలు దాటితే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది కూడా ఈ భయంతోనే. ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో ఇద్దరు ముగ్గురు పిల్లలే మిగిలారంటే ప్రైవేటు బడి బస్సు ఒక కారణం, పిల్లలే తక్కువ పుట్టడం ఇంకో కారణం.

పెద్దవాళ్ల లెక్క కావాలంటే ఓటర్ల జాబితాలో వయసులు ఉంటాయి. పద్దెనిమిది దాటినవాళ్లకు అది పనికొస్తుంది. వయసులు అచ్చంగా ఉంటాయని మాత్రం అనుకోకండి. పుట్టిన తేదీ రాసిపెట్టుకోని తరం వాళ్లు యాభై, అరవై అని ఉజ్జాయింపుగా చెబుతారు. కృష్ణా తీరం ఊళ్లలో "దివిసీమ ఉప్పెనకి నా కొడుకు చంకలో ఉన్నాడు" అంటారు. ఆ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది కాబట్టి కొడుకు వయసు ఏడాది అటూఇటూగా తేలిపోతుంది. వయసు రాబట్టడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

ఓటర్ల సంఖ్య జనాభాకు ఎందుకు పొసగదు?

హైదరాబాద్‌లో స్థిరపడినా ఊళ్లో ఓటు ఉంచుకునేవాళ్లు చాలామంది. చనిపోయినవాళ్ల పేర్లు ఆలస్యంగా తీసేస్తారు. ఓటరు అంకె నుంచి జనాభాను లెక్కగట్టకండి.

ఈ అంకెతో ఊరికి ఏం ఒరుగుతుంది?

చాలా. ఆరోగ్య ఉపకేంద్రానికి మైదానంలో 5,000, ఏజెన్సీలో 3,000 జనాభా ప్రమాణం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 30,000, ఏజెన్సీలో 20,000. ఆశా కార్యకర్త వెయ్యి మందికి ఒకరు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన తొలి దశలో 2001 లెక్కల ప్రకారం మైదానంలో 500, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఆవాసాలకు రోడ్డు అన్నారు. 240 మంది ఉన్న గూడెం ఆ గీత కింద పడిపోయింది. వార్డుల సంఖ్య, సర్పంచ్ రిజర్వేషన్, ఆర్థిక సంఘం నిధుల పంపకం, అన్నిటికీ జనాభాయే ఆధారం. ఇరవై ముప్పై మంది రాయకుండా మిగిలిపోతే ఆ నష్టం పదేళ్లు నడుస్తుంది. ఈసారి పదిహేనేళ్లు దాటింది.

పల్లె ఎప్పుడు పట్టణం అవుతుంది?

జనాభా 5,000 దాటాలి, ప్రధాన పనివారైన మగవాళ్లలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. అప్పుడు పంచాయతీగా ఉన్నా జనాభా లెక్కల్లో పట్టణం కింద చూపిస్తారు. అలాంటి ఊరిని గ్రామాల పట్టికలో వెతికితే దొరకదు.

అసలు పట్టిక ఎక్కడ దొరుకుతుంది?

కేంద్ర జనాభా గణన శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రాథమిక గణన సారాంశంలో జనం, పని, చదువు ఉంటాయి. జిల్లా గణన హ్యాండ్‌బుక్‌లో ఊరి విస్తీర్ణం, సాగు భూమి, బడి, ఆస్పత్రి, బస్సు, బ్యాంకు ఎంత దూరం అన్నవి ఉంటాయి. ఇళ్ల జాబితా పట్టికల్లో పెంకుటిళ్లు ఎన్ని శాతం, మరుగుదొడ్డి, నీళ్లు, టీవీ ఎన్ని ఇళ్లలో అన్నవి ఊరివారీగా ఉంటాయి. ప్రైవేటు సైట్ల అంకెలు కూడా ఇక్కడివే, ఎక్కువగా సంవత్సరం చెరిపేసి వాడతారు.

మా తాతగారి పేరు పాత జనాభా లెక్కల్లో చూడొచ్చా?

వీలు లేదు. 1948 జనాభా గణన చట్టం ప్రకారం ఒక్కొక్కరు చెప్పిన వివరాలు రహస్యం. ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లవు. వంశవృక్షం కోసమైతే భూమి రికార్డులు, బడి అడ్మిషన్ రిజిస్టరు వెతకండి.

వచ్చే లెక్కల్లో మా ఊరు సరిగ్గా రావాలంటే ఏం చేయాలి?

ఈసారి లెక్కకు ఆధార తేదీ 2027 మార్చి 1 అని 2025 జూన్ 16న ప్రకటించారు. ఇళ్ల జాబితాకు 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు గడువు పెట్టారు, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. ఫోన్‌లో నమోదు, మనమే వివరాలు నింపుకునే వీలు, అన్ని కులాల నమోదు కొత్త సంగతులు.

మళ్లీ ఫిబ్రవరే కాబట్టి మళ్లీ మిర్చి కాలమే. వార్డు సభ్యులు, మహిళా సంఘాలు, చదువుకునే పిల్లలు పూనుకుంటే చేయగలిగిన పని ఉంది. ముందుగా శివారు, తండా, కొత్త కాలనీ, ఊరి బయట డేరాలు ఏవీ పోకుండా ఇళ్ల జాబితాలోకి వచ్చాయో లేదో ఎన్యూమరేటర్‌తో కలిసి తిరిగి చూడండి. ఇంట్లో మగవాళ్లు జవాబు చెబుతుంటే ఆడవాళ్ల పని ఏమిటో వాళ్లనే చెప్పనివ్వండి. కోతలకు వెళ్లిన కుటుంబాల పేర్లు, వాళ్లు దిగిన ఊరు, కూలీల మేస్త్రి ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, ఆ ఊరి పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేసి "మావాళ్లు మీ చేలల్లో ఉన్నారు, రాయించండి" అని చెప్పండి. మీ ఊరి పట్టికలో ఆ అంకె పెరగదు. వాళ్లు దేశం లెక్కలో మాత్రం ఉంటారు.